జిల్లా బోర్డు నుంచి మొదటి మంత్రి దాకా: పానగల్ రాజా

పానగల్ రాజాగా చరిత్రకెక్కిన పానుగంటి రామారాయణింగారు 1866 జూలై 9న కాళహస్తిలో ఒక వెలమ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 1899లో ఎం.ఏ. పూర్తిచేశారు. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. అంతకుముందు కాళహస్తి ఉత్తర ఆర్కాటులో ఉండేది. 1907లో ఆయన ఆ జిల్లా బోర్డులో సభ్యుడయ్యారు.

1884 చట్టం కింద నడిచిన ఆ బోర్డులకు అధ్యక్షుడు కలెక్టరే. రైతు కట్టే శిస్తుతో పాటు వసూలయ్యే రోడ్డు సెస్సే వాటికి ముఖ్యమైన రాబడి. రోడ్లకు కంకర వేయించడం, సత్రాల మరమ్మతు, రేవుల్లో పడవల గుత్త, పల్లెబడి పంతులు జీతం, ఊరి ఆసుపత్రికి మందులు, ఇవీ అక్కడ నడిచే పనులు. కలెక్టరు మాటకు ఎదురాడే సభ్యులు అరుదు. అయినా ప్రభుత్వం డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడ ఖర్చవుతుందో కళ్లారా చూడాలంటే అప్పటి భారతీయులకు అంతకంటే దగ్గరి చోటు లేదు.

1912 నుంచి 1915 వరకు ఆయన మద్రాసు జమీందారుల తరఫున ఇంపీరియల్ శాసనమండలిలో కూర్చున్నారు. తర్వాత జస్టిస్ పార్టీలో ముందువరుస నాయకుడయ్యారు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిస్తే, గవర్నర్ విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటుకు ముందుగా పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టిని పిలిచారు. దాదాపు నలభై ఏళ్లు మద్రాసు కార్పొరేషన్‌లో గడిపిన ఆయన పదవి వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి మంత్రి (ముఖ్యమంత్రి) అయ్యారు, రామారాయణింగారికి స్థానిక స్వపరిపాలన శాఖ దక్కింది. బోర్డు సభ్యుడిగా మొదలైనవారి చేతికి బోర్డులన్నీ వచ్చాయి. రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోవడంతో 1921 జూలై 11న మొదటి మంత్రి పదవీ ఆయనదే అయింది.

ద్వంద్వ ప్రభుత్వంలో ఆర్థిక, శాంతిభద్రతల శాఖలు గవర్నర్ చేతిలోనే ఉండేవి. మంత్రులకు మిగిలింది విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు వంటివి. అందుకే 1920 నాటి స్థానిక బోర్డుల చట్టం, మునిసిపాలిటీల చట్టం అమలు ఈ మంత్రివర్గానికి అసలైన రంగం. బోర్డుల్లో ఎన్నికైనవారి బలం పెరిగింది, కలెక్టరు పట్టు సడలింది. నామినేటెడ్ సభ్యుల్ని వేసే అధికారం మాత్రం మంత్రి దగ్గరుంది. ఆ సీట్లను సొంత పార్టీ మనుషులకు పంచిపెట్టారన్న విమర్శ చివరిదాకా ఆయన్ని వదల్లేదు. అందులో నిజం లేకపోలేదు.

1922లో ఆయన తెచ్చిన హిందూ దేవాదాయ బిల్లులోనూ జిల్లా బోర్డు పోలికలు కనిపిస్తాయి. ఊరి ఆస్తిని కొందరే అనుభవిస్తున్నప్పుడు వారిచేత లెక్క చెప్పించాలంటే పైన ఒక బోర్డు ఉండాలన్నదే దాని సారం. 1863 చట్టంతో ప్రభుత్వం గుళ్ల వ్యవహారాల నుంచి తప్పుకున్నాక మాన్యాలు, కానుకలు ధర్మకర్తల, మఠాధిపతుల చేతుల్లోకి పోయాయి. కాళహస్తికి దగ్గర్లోని తిరుమల కూడా హథీరాంజీ మఠం మహంతుల ఏలుబడిలోనే ఉండేది. మతంలో జోక్యమంటూ గట్టి వ్యతిరేకత వచ్చినా 1925 నాటికి చట్టం అమల్లోకి వచ్చింది.

1923 ఎన్నికల్లో పార్టీకి సీట్లు తగ్గాయి. నవంబరులో ఆయనపై అవిశ్వాస తీర్మానం తెచ్చిన మనిషి కూడా చిత్తూరు సీమవాడే, కట్టమంచి రామలింగారెడ్డి. తీర్మానం 44-65 ఓట్లతో వీగిపోయింది. మూడేళ్లకు, 1926లో, ఇదే ప్రభుత్వం చేసిన చట్టంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి తొలి ఉపకులపతి అయింది కట్టమంచివారే. మద్రాసులో పెద్ద చెరువు పూడ్చి కట్టిన కొత్త పేట కూడా ఆ కాలందే. దానికి త్యాగరాయ శెట్టి పేరు, నడుమనున్న పార్కుకు పానగల్ పేరు పెట్టారు.

1926 చివరి ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడిపోయింది, డిసెంబరులో సుబ్బరాయన్ మంత్రివర్గం వచ్చింది. పానగల్ రాజా 1928 డిసెంబరు 16న మరణించారు.