వుయువాన్ కౌంటీ: సరిహద్దుల చరిత్ర

వుయువాన్ తూర్పు చైనాలోని ఒక కౌంటీ. జియాంగ్సీ ప్రావిన్స్ ఈశాన్య మూలన, కొండల నడుమ 2,900 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. ఇప్పుడు షాంగ్రావ్ నగర పాలన కిందిది. తేయాకుకూ, సున్నం కొట్టిన తెల్ల గోడల మీద నల్ల పెంకులు కప్పిన ఇళ్లకూ పేరుపడింది. 1934–49 మధ్య పదిహేనేళ్లలో ఇది మూడుసార్లు ప్రావిన్స్ మారింది.

థాంగ్ వంశపు షువాన్‌జుంగ్ చక్రవర్తి కాలంలో, 740లో ఈ కౌంటీ ఏర్పడింది. అందుకోసం తూర్పున షియూనింగ్ నుంచి కొంత, పడమట లెపింగ్ నుంచి కొంత నేల కోసి కలిపారు. షియూనింగ్ ఇప్పుడు ఆన్హ్వేలో, లెపింగ్ జియాంగ్సీలో ఉన్నాయి. ఆ లెక్కన తరవాతి తగాదాకు విత్తనం అప్పుడే పడిందనుకోవచ్చు. మొదటి కేంద్రం చింగ్హ్వా; 901లో ఇప్పటి పట్టణానికి మారింది.

ఆ తరవాత వెయ్యేళ్లకు పైగా వుయువాన్ ఒకే గూటిలో ఉంది. పై పరగణాకు మొదట షెజౌ అని పేరు, 1121 నుంచి హ్వేజౌ. మంగోలుల యువాన్ వంశం 1295లో వుయువాన్ హోదా పెంచింది; మింగ్ వంశం 1369లో మళ్లీ కౌంటీని చేసింది. ఈ మార్పుల్లో గూడు మాత్రం చెదరలేదు. హ్వేజౌ ఆరు కౌంటీల్లో ఇదొకటి. 1667లో ఏర్పడిన ఆన్హ్వే ప్రావిన్స్ పేరులోని ‘హ్వే’ కూడా హ్వేజౌ నుంచి తీసుకున్నదే.

అయితే నీళ్ల దారి వేరు. షియూనింగ్ వైపు వెళ్లే పాత బాట జె కనుమ దాటే చోట చింగ్ కాలం నాటి రాతిపలక ఒకటి ఉంది. ప్రాచీన వూ, చూ రాజ్యాల హద్దు ఇదేనని దాని మీద నాలుగక్షరాలు చెక్కారు. కనుమకు అవతల కురిసిన వాన షిన్‌ఆన్ నదిలో కలిసి హాంగ్‌జౌ వైపు పోతుంది. వుయువాన్ వాన జియాంగ్సీలోని పోయాంగ్ సరస్సు చేరుతుంది. పటం చూసి గీత గీసే అధికారికి ఇది జియాంగ్సీ కౌంటీగానే కనబడుతుంది.

1934లో చియాంగ్ కై షేక్ ప్రభుత్వం అలాగే గీసింది. అసలు కారణం యుద్ధం. ఈశాన్య జియాంగ్సీలో కమ్యూనిస్టు దళాలను అణచడానికి ఈ కొండలు ఒకే కమాండ్ కింద ఉండాలనుకుంది. ఊళ్లో మాత్రం ఇది ఇంటిపేరు మార్చినట్లయింది. నవ కన్‌ఫ్యూషియన్ తత్వవేత్త జు షీ పూర్వీకులది వుయువాన్. జు షీ ఊరు లేని హ్వేజౌ ఏమిటని మిగతా కౌంటీల వాళ్లూ నొచ్చుకున్నారు. ‘ఆన్హ్వేకు తిరిగి వెళ్దాం’ అంటూ ఉద్యమం లేచింది. బయటి నగరాల్లో స్థిరపడ్డ వుయువాన్ వాళ్లు కూడా అర్జీలు పెట్టారు. హ్వేజౌలోనే జిషీ కౌంటీకి చెందిన ప్రసిద్ధ పండితుడు హూ షి మద్దతు పలికాడు. 1947లో కౌంటీని ఆన్హ్వేకు తిరిగి ఇచ్చారు.

ఆ సంతోషం రెండేళ్లే. 1949లో కమ్యూనిస్టు సైన్యం వచ్చాక వుయువాన్ మళ్లీ జియాంగ్సీకి వెళ్లింది, నేటికీ అక్కడే ఉంది. 1987లో హ్వేజౌనే రద్దు చేసి, అక్కడి పర్వతం పేరుతో హ్వాంగ్‌షాన్ నగరం ఏర్పాటు చేశారు. జిషీ మరో నగరం కిందికి పోయింది. హ్వేజౌ అన్న పేరు ఇప్పుడు హ్వాంగ్‌షాన్‌లోని ఒక చిన్న డిస్ట్రిక్టుకే మిగిలింది.