జార్జియా జాతీయోద్యమంలో భాష, అధికారం: జ్వియాద్ గంసఖుర్దియా రాజకీయ జీవితం

తెలుగు పాఠకులకు జార్జియా ప్రధానంగా స్టాలిన్ జన్మభూమిగానే పరిచయం. జాతుల సమస్యపై 1913లో వెలువరించిన ప్రసిద్ధ రచనలో స్టాలిన్ తన సొంత ప్రజలనే ఒక ఉదాహరణగా తీసుకున్నాడు. భాష, నేల ఉమ్మడిగా ఉన్నప్పటికీ ఆర్థిక జీవనం ఒక్కటయ్యేదాకా, అంటే 19వ శతాబ్ది ఉత్తరార్ధం దాకా, జార్జియన్లు జాతిగా రూపొందలేదన్నది అక్కడ ఆయన వాదం. ఆ సిద్ధాంతంపై నిలిచిన రాజ్యాన్ని అదే నేల మీద ఎదిరించిన జ్వియాద్ గంసఖుర్దియా (1939–1993) దృష్టిలో జాతి ఆర్థిక పరిణామ ఫలితం కాదు. భాషలో నిక్షిప్తమైన అనాది సత్యం. ఈ నమ్మకం ఒక సాహిత్య పరిశోధకుణ్ణి రాజ్యాధికారం దాకా నడిపించింది. తాను కోరిన హక్కులనే కోరిన మరో చిన్న జాతి గొంతు వినకుండా చేసిందీ ఈ నమ్మకమే. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధమే ఈ వ్యాసానికి పరిశీలనాంశం.

అసమ్మతివాది

తండ్రి కొన్‌స్తాంతినే గంసఖుర్దియా 20వ శతాబ్ది జార్జియన్ నవలాకారుల్లో అగ్రగణ్యుడు. మధ్యయుగ జార్జియా ఇతివృత్తంగా చారిత్రక నవలలు రాశాడు. కుమారుని రాజకీయ ఊహకు తొలి పాఠశాల ఆ ఇల్లే అనుకోవడానికి తగినంత ఆధారముంది. బాల్యమిత్రుడు మెరాబ్ కొస్తావాతో కలిసి కౌమారంలోనే ఒక రహస్య బృందాన్ని ఏర్పరచి, 1956లో హంగరీపై జరిగిన సోవియట్ సైనిక చర్యను ఖండిస్తూ కరపత్రాలు పంచి అరెస్టయ్యాడు. ఆ తరువాత టిబిలిసి విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య భాషా సాహిత్యాలు అభ్యసించి, అధ్యాపకుడిగా, అనువాదకుడిగా పేరు తెచ్చుకున్నాడు. 1970వ దశకంలో చర్చి సంపద చోరీని, ప్రాచీన మఠాల విధ్వంసాన్ని రహస్య పత్రికల ద్వారా వెలుగులోకి తెచ్చాడు. 1977 ఆరంభంలో ఏర్పడిన జార్జియా హెల్సింకీ బృందానికి ఆయనే సారథి. 1944లో స్టాలిన్ మధ్య ఆసియాకు తరలించిన మెస్ఖేతియా ముస్లింలు స్వస్థలాలకు తిరిగి రావాలన్న కోరికను కూడా ఆ బృందం తన అంశంగా స్వీకరించింది. ఉత్తరకాలపు గంసఖుర్దియాను అంచనా వేసేవారు తరచు దాటిపోయే విషయమిది.

1977 ఏప్రిల్‌లో గంసఖుర్దియా, కొస్తావా నిర్బంధానికి గురయ్యారు. వారు చెరలో ఉండగానే 1978 ఏప్రిల్ 14న టిబిలిసిలో వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. జార్జియన్‌ను రాజభాషగా పేర్కొనే అధికరణాన్ని కొత్త రాజ్యాంగ ముసాయిదా తొలగించడమే కారణం. నాటి పార్టీ ప్రథమ కార్యదర్శి ఎడ్వర్డ్ షెవర్డ్‌నాడ్జే మాస్కోను ఒప్పించి ఆ అధికరణాన్ని నిలిపాడు. సోవియట్ చరిత్రలో ప్రజల నిరసనకు ప్రభుత్వం బహిరంగంగా తలొగ్గిన సందర్భాలు అరుదు. అందులో ఒకటి భాష కోసం జరగడం గమనార్హం.

తరువాతి నెలలోనే గంసఖుర్దియా టెలివిజన్ తెరపై పశ్చాత్తాపం ప్రకటించాడు. దరిమిలా శిక్ష తగ్గి, దాగెస్తాన్‌లో కొంతకాలం ప్రవాసం గడిపి, 1979లో ఇంటికి చేరాడు. పశ్చాత్తాపానికి ససేమిరా అన్న కొస్తావా 1987 దాకా చెరలోనే ఉన్నాడు. ఉద్యమాన్ని బతికించుకోవడానికి వేసిన ఎత్తుగా అనుచరులు దీన్ని సమర్థిస్తారు. ఏమైనా, ప్రత్యర్థులు చివరిదాకా మరువని మచ్చ ఇది. అధికారంలోకి వచ్చాక ఇతరులను ద్రోహులుగా ముద్రవేయడంలో ఆయన చూపిన తొందరకు మూలం ఇక్కడ ఉందేమో అనిపిస్తుంది.

భాషా తత్త్వం, రాజకీయం

1989 ఏప్రిల్ 9న టిబిలిసిలో శాంతియుత ప్రదర్శనపై సోవియట్ సైన్యం విరుచుకుపడింది. సుమారు 20 మంది మరణించారు. వారిలో అధికులు స్త్రీలు. ఆ ఉదయంతో జార్జియాలో కమ్యూనిస్టు పార్టీకి నైతికార్హత లేకుండా పోయింది. అదే ఏడు అక్టోబరులో కొస్తావా కారు ప్రమాదంలో మరణించడంతో ఉద్యమంలో గంసఖుర్దియాను నిలువరించగల మిత్రుడు లేకుండా పోయాడు.

1990 మే నెలలో ‘జార్జియా ఆధ్యాత్మిక ధ్యేయం’ అనే అంశంపై ఆయన చేసిన ప్రసంగం ఆయన ఆలోచనా విధానానికి తాళంచెవి వంటిది. సినాయ్‌లో జీవించిన 10వ శతాబ్ది సన్యాసి ఇవానే జోసిమే జార్జియన్ భాషను స్తుతిస్తూ ఒక రచన చేశాడు. సమాధిలో దాగిన ఈ భాష క్రీస్తు పునరాగమనం నాడు మేల్కొంటుందనీ, సకల భాషలకూ దాని ద్వారానే తీర్పు జరుగుతుందనీ అందులోని భావం. గంసఖుర్దియా దీనిని రూపకంగా కాక, చారిత్రక నిర్దేశంగా చదివాడు. షోతా రుస్తావేలి మహాకావ్యంలోని ప్రతీకలపై ఆయన పరిశోధన కూడా ఈ మార్మిక పద్ధతిలోనే సాగింది. సాహిత్య విమర్శలో ఇటువంటి పఠనానికి చోటుంది. శాసనసభలో అదే పఠనం ప్రమాదకరం. అక్కడ ప్రతిపక్షం భిన్నాభిప్రాయంగా కాక పాపంగా కనిపిస్తుంది. సత్యం మాతృభూమికన్నా ఉన్నతమని ప్రకటించిన తత్త్వవేత్త మెరాబ్ మమార్దష్విలి అప్పుడే ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపాడు. 1990 నవంబరులో ఆయన కన్నుమూశాడు.

ఒసేతియా ప్రశ్న

1990 అక్టోబరు 28 ఎన్నికల్లో గంసఖుర్దియా నాయకత్వంలోని ‘రౌండ్ టేబుల్ – స్వేచ్ఛా జార్జియా’ కూటమి 250 స్థానాల్లో 155 గెలిచింది. ఆరు వారాలు గడిచాయో లేదో, డిసెంబరు 11న కొత్త శాసనసభ దక్షిణ ఒసేతియా స్వయంప్రతిపత్తిని రద్దు చేసింది.

ఈ నిర్ణయానికి నేపథ్యం ఉంది. 1922లో ఏర్పడిన ఆ స్వయంప్రతిపత్తి ప్రాంతంలో, 1989 జనగణన ప్రకారం, మూడింట రెండు వంతుల మంది ఒసేతియన్లు. జార్జియన్ వాడకాన్ని విస్తరించే అధికార ప్రణాళిక 1989లో రాగానే, తమ భాషకూ అధికార హోదా కావాలని వారు అడిగారు. నవంబరులో ప్రాంతీయ సోవియట్ తమ ప్రాంతాన్ని స్వయంప్రతిపత్తి గణతంత్రంగా పెంచాలని తీర్మానించింది. దీనికి ప్రతిగా ఆ నెల 23న గంసఖుర్దియా వేలాది జనంతో ఒసేతియన్ల రాజధాని త్స్ఖిన్వాలి మీదికి యాత్ర సాగించాడు. జార్జియా కమ్యూనిస్టు అధినేత కూడా అందులో ఉన్నాడు. కాబట్టి ఈ వైఖరిని ఒక్క వ్యక్తికే ఆపాదించడం న్యాయం కాదు. అయితే దానికి సిద్ధాంత భాషను సమకూర్చింది మాత్రం గంసఖుర్దియాయే. ఒసేతియన్ల అసలు నేల కాకసస్ పర్వతాలకు ఉత్తరాన ఉందనీ, ఇక్కడ వారు అతిథులనీ ఆయన వాదించాడు. 1978లో టిబిలిసి విద్యార్థులు మాస్కోను అడిగిన ప్రశ్ననే పదకొండేళ్ల తరువాత త్స్ఖిన్వాలి టిబిలిసిని అడిగింది. ఆనాడు షెవర్డ్‌నాడ్జే ఇచ్చిన జవాబు ఈనాడు స్వతంత్రవాదుల నోట రాలేదు. 1991 జనవరిలో యుద్ధం మొదలైంది.

అబ్ఖాజియా విషయంలో ఆయన అనుసరించిన మార్గం వేరు. అక్కడ 18 శాతానికి మించని అబ్ఖాజులకు 65 స్థానాల శాసనసభలో 28, జార్జియన్లకు 26, ఇతరులకు 11 స్థానాలు కేటాయించే ఒప్పందానికి 1991లో అంగీకరించాడు. అబ్ఖాజియా యుద్ధం మొదలైంది ఆయన పదవి కోల్పోయిన తరువాత, 1992 ఆగస్టులో. గంసఖుర్దియాను కేవలం మొండి జాతివాదిగా చిత్రించే రచనలు ఈ ఒప్పందానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది. బహుశా అబ్ఖాజులను మూలవాసులుగా అంగీకరించగలిగాడు గనుకే వారితో బేరానికి దిగగలిగాడు. హక్కును ప్రాచీనతతో కొలిచే ఆ తూకంలో ఒసేతియన్లు తేలిపోయారు.

పతనం

1991 ఏప్రిల్ 9న స్వాతంత్ర్య ప్రకటన, మే 26న 86 శాతానికి పైగా ఓట్లతో అధ్యక్ష పదవి. అక్కడికి ఏడు నెలలకే అంతా ముగిసింది. ఆగస్టులో మాస్కో కుట్ర సమయాన జాతీయ రక్షక దళాన్ని ఆంతరంగిక వ్యవహారాల శాఖకు లోబరచాలన్న ఆయన ఆదేశాన్ని దళపతి తెంగిజ్ కితోవానీ ధిక్కరించాడు. ప్రధాని తెంగిజ్ సిగువా రాజీనామా చేశాడు. సెప్టెంబరు 2న ప్రతిపక్ష ప్రదర్శనపై కాల్పులు జరిగాయి. విమర్శకులంతా క్రెమ్లిన్ ఏజెంట్లేనన్న వాదన నిన్నటి సహచరులకూ వర్తించసాగింది. డిసెంబరు 22న రాజధాని నడిబొడ్డున మొదలైన పోరు రెండు వారాలు సాగి, 1992 జనవరి 6న అధ్యక్షుడు దేశం విడిచి పారిపోవడంతో ఆగింది. ఆయనను కూలదోసినవారు మార్చిలో పిలిపించుకున్నది ఎవరినో కాదు, షెవర్డ్‌నాడ్జేనే.

ఆర్మేనియా మీదుగా చెచెన్యా చేరి, జోఖర్ దుదాయేవ్ ఆశ్రయంలో ఉండి, 1993 సెప్టెంబరులో పశ్చిమ జార్జియాకు తిరిగివచ్చి సాగించిన తిరుగుబాటు రష్యా జోక్యంతో నవంబరులో అణగిపోయింది. డిసెంబరు 31న ఖిబులా గ్రామంలో ఆయన మరణించాడు. అది ఆత్మహత్యా, హత్యా అన్నది నేటికీ వివాదమే. 1994లో గ్రోజ్నీకి తరలించిన భౌతికకాయం తదనంతర యుద్ధాల శిథిలాల్లో కలిసిపోయి, 2007లో మళ్లీ దొరికింది. ఆ ఏడు ఏప్రిల్ 1న టిబిలిసిలోని మ్తాత్స్‌మిందా కొండపై, జాతీయ ప్రముఖుల శ్మశానవాటికలో దానిని ఖననం చేశారు. పశ్చాత్తాపం ప్రకటించని కొస్తావా సమాధి కూడా ఆ కొండపైనే ఉంది.