గంటం నుండి గాజుపలక వరకు: చేవ్రాలు కథ

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల్లో భూమి కొన్న కుటుంబాల వద్ద ‘సాదా బైనామా’ అనే కాగితం కనిపించడం అరుదు కాదు. రిజిస్ట్రేషను లేకుండా, తెల్లకాగితం మీద అమ్మినవారు, సాక్షులు చేవ్రాళ్ళు చేసి ముగించిన క్రయపత్రమది. మంజీరా మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయిన తరువాత కాలువనీరు పారిన నేలకు విలువ పెరిగినది. ఆ నేలను చేతులు మార్చిన కాగితాలకూ విలువ పెరిగినది. 2016లోను, 2020లోను తెలంగాణ ప్రభుత్వం ఇటువంటి క్రయాలను క్రమబద్ధం చేయడానికి దరఖాస్తులు తీసుకున్నది. సాగులో ఉన్నదెవరన్న విచారణ ఎలాగూ ఉంటుంది. కాని అమ్మిన మనిషి కాలం చేసి, అతని కొడుకులు “ఇది మా బాపు దస్కతు కాదు” అన్నారంటే, రెండెకరాల భవిష్యత్తు రెండంగుళాల సిరాగీత మీదికి వస్తుంది.

ఆ గీతలో ఏమున్నది? పైకి అది ఒక బొమ్మ. నిజానికి అది ఒక కదలిక మిగిల్చిన జాడ. సంతకం చేసే చెయ్యి ఎక్కడ వేగం పుంజుకున్నది, ఎక్కడ ఒత్తినది, ఎక్కడ గాలిలోకి లేచి మరల దిగినది అన్నవే అసలు సంతకం. బొమ్మను అనుకరించడం కష్టం కాదు, కదలికను అనుకరించడమే కష్టం. అయితే ఆ కదలికలో ఎంత భాగం మిగులుతుందన్నది దానిని పట్టే పరికరాన్ని బట్టి ఉంటుంది. చేవ్రాలు చరిత్ర అంటే సగం ఆ పరికరాల చరిత్రే.

తాటాకు మీద గంటంతో వ్రాసిన కాలంలో ఒత్తిడే సర్వస్వం. సూదిమొన ఆకును గీరేది, తరువాత మసి పూస్తే అక్షరం తేలేది. రెల్లుకలం వచ్చినప్పుడు సిరా పలుచన, చిక్కదనం తోడైనవి. ఉక్కుపాళీని గట్టిగా నొక్కితే దాని రెండు కొనలు విడిపోయి కాగితంపై జంటగాడి పడుతుంది; ఆ గాడి ఒత్తిడికి సాక్ష్యం. బాల్‌పెన్ను ఈ గాడిని ఇవ్వదు. కాని గుండు దొర్లేటప్పుడు గీతలో పడే సన్నని చారలు కలం ఏ దిక్కుగా తిరిగినదో చెబుతాయి. నిజాం కాలంలో ఉర్దూ రాజభాష కావడం వల్ల ఈ ప్రాంతపు పాత కాగితాలలో కుడినుండి ఎడమకు సాగే సంతకం పక్కనే తెలుగు సంతకం ఉండవచ్చు. చూపరికి రెండూ గీతలే. పరీక్షకుడికి మాత్రం రెండు వేరువేరు చేతి అలవాట్లు.

సంతకంపై అపనమ్మకమే వేలిముద్రకు దారి తీసినదన్న సంగతి చాలామందికి తెలియదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం చేసుకున్నాడు. రేపు సంతకం తనది కాదంటాడేమోనని అతని అరచేతి ముద్రను కాగితం వెనుక వేయించాడు. అక్కడినుండి సాగిన ప్రయత్నం 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయంగా రూపు కట్టినది. ముద్రల వర్గీకరణకు గణితం సమకూర్చిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పేర్లు మాత్రం అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు చాటున చాలాకాలం ఉండిపోయినవి.

అయినా చేవ్రాలు పోలేదు. 1872 నాటి సాక్ష్య చట్టం సంతకాలను పక్కపక్కన పెట్టి పోల్చే అధికారాన్ని న్యాయస్థానానికి ఇచ్చినది. ప్రశ్నిత పత్రాలను పరీక్షించే ప్రభుత్వ కార్యాలయం సిమ్లాలో వెలసి, తరువాత కలకత్తాకు, హైదరాబాదుకు విస్తరించినది. అక్కడి పరీక్షకులు వెదికేది ముఖ్యంగా సంకోచాన్ని. దొంగ సంతకం చేసేవాడు బొమ్మను చూస్తూ మెల్లగా గీస్తాడు, అందుచేత గీత వణుకుతుంది, అక్కరలేనిచోట కలం లేస్తుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. ఒక విద్యార్థి సంతకాన్ని మరొకరిచేత పలుచని కాగితం పెట్టి దిద్దించి, రెండింటినీ భూతద్దం కింద ఉంచితే చాలు.

కదలికను నేరుగా కొలవాలన్న ఆలోచన 1960ల నాటిది. అమెరికాలో 1965లో మౌచెరి అనే పరిశోధకుడు సంతకంతో మనిషిని గుర్తించే ప్రయోగాలను వివరించాడు. 1977లో ఐ.బి.ఎం. పరిశోధకులు హెర్బ్‌స్ట్, లియూ కలంలోనే త్వరణాన్ని కొలిచే సాధనాలను అమర్చారు. తరువాత ఎలక్ట్రానిక్ పలకలు వచ్చినవి. ఇవి సెకనుకు 100 సార్లో 200 సార్లో కలం మొన స్థానాన్ని, ఒత్తిడిని అంకెలుగా నమోదు చేస్తాయి. కొన్ని పలకలు కలం కొద్ది ఎత్తున గాలిలో తిరిగిన దారిని కూడా పట్టుకుంటాయి. కాగితం ఎన్నడూ ఇవ్వలేని సాక్ష్యమిది.

ఒక మనిషి రెండుసార్లు ఒకే వేగంతో సంతకం చేయడు. మరి పోల్చేదెట్లా? బాన్సువాడ నుండి నిజామాబాదుకు రెండు బస్సులు బయలుదేరినవనుకోండి. ఒకటి దారిలో ఒక ఊళ్ళో ఎక్కువసేపు ఆగినది. గడియారం చూసి పోలిస్తే రెండు ప్రయాణాలూ వేరు; ఊళ్ళ వరుస చూసి పోలిస్తే ఒకటే. కాలాన్ని అవసరమైనచోట సాగదీసి, కుదించి ఇట్లా వరుసను సరిపోల్చే గణితపద్ధతి మాటలను గుర్తించే యంత్రాల కోసం పుట్టి, సంతకాలకూ పనికివచ్చినది.

చిక్కంతా పరికరం మారినప్పుడు. 2009లో ముగిసిన ‘బయోసెక్యూర్’ అనే యూరపు పరీక్షలో 382 మంది సంతకాలను రెండు విధాల పరిశీలించారు: బల్లమీది పలకపై చేసినవి, చేత పట్టుకున్న చిన్న యంత్రంపై చేసినవి. చేతి యంత్రంలో పొరపాట్లు పెరిగినవి. ఆ యంత్రానికి ఒత్తిడి తెలియదు, గాలిలో కదలిక తెలియదు, పైగా పట్టుకున్న చెయ్యి నిలకడగా ఉండదు. 2017లో స్పెయిన్‌లోని మాడ్రిడ్ పరిశోధకులు 65 మందిచేత ఐదు పరికరాలపై సంతకాలు చేయించి ప్రచురించిన పరిశోధనలో, కలానికి బదులు వేలితో చేసిన సంతకాన్ని నేర్పరి ఫోర్జరీ నుండి వేరు చేయడం మరింత కష్టమని తేలినది. ఒక పలకపై చేసిన నమూనాను మరొక పలకపై చేసినదానితో పోల్చాలంటే ముందు రెండింటినీ ఒకే కొలతకు, ఒకే కాలవ్యవధికి తేవాలి. ఒకదానిలో లేని ఒత్తిడిని రెండవదానిలోనూ వదలివేయాలి. ఆ సవరణ లేకుండా పోల్చే యంత్రం నిజమైన మనిషినే దొంగ అనగలదు.

ఇక్కడ ఒక పేరు గందరగోళం కలిగిస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని ‘డిజిటల్ సంతకం’ చేతివ్రాత కాదు. అది రహస్య సంఖ్యతో పత్రానికి వేసే గణితముద్ర. చెయ్యి వణికినా అది మారదు.

2001 సవరణ తరువాత రిజిస్ట్రేషను పత్రాలకు ఫొటో, వేలిముద్ర జతచేయడం చట్టంలోకి వచ్చినది. అయితే నాట్లలో, కోతల్లో అరిగిన వేళ్ళ ముద్ర యంత్రానికి అందకపోవడం పల్లెల్లో తెలిసిన సంగతే. పాత సాదా బైనామాకు ఈ యంత్రాలేవీ తోడు రావు. దాని సంతకాన్ని నిన్నమొన్న గాజుపలకపై చేసిన సంతకంతో పోల్చి తీర్పు చెప్పడానికి జాగ్రత్త గల పరీక్షకుడెవ్వడూ ఒప్పుకోడు. అదే కాలంలో, అటువంటి కలంతోనే కాగితంపై చేసిన నమూనాలు కావాలని అడుగుతాడు. అవి దొరికేది సహకార సంఘం అప్పుపత్రాలలో, బ్యాంకు పాత ఖాతా ఫారాలలో, పిల్లల్ని బడిలో చేర్చిన నాటి దరఖాస్తులలో.