కంటిపాపలో కిటికీ

గంగవరంలో మా ఇంటి గోడకు అవ్వాతాతల ఫోటో ఒకటి ఉంది. పలమనేరు వెళ్లి స్టూడియోలో దిగారని నాయన చెప్పేవాడు. ఏ ఏడు దిగారో వెనక అట్ట మీద లేదు. చెదలు తినగా మిగిలింది స్టూడియో ముద్రలో సగం. మొన్న భూతద్దం పెట్టి చూస్తే అవ్వ కంటిపాపలో తెల్లటి చదరం ఒకటి మెరిసింది, మధ్యలో నిలువుగా సన్నటి నల్లగీత. కిటికీ! ఎడమ పక్కన, తల కంటే కాస్త ఎత్తులో. ఫోటో తీసినాయన రాసిపెట్టని లెక్క అవ్వ కంట్లో భద్రంగా ఉంది.

తెలుగునేల మీద స్టూడియోల కథ చెప్పబోతే రాజా దీన్ దయాళ్ దగ్గర ఆగక తప్పదు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్ ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసిన మనిషి. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పరదా చాటు స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆయన విడిగా జనానా స్టూడియో తెరిస్తే, దాన్ని చూసుకున్నది ఒక ఆంగ్ల మహిళ. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన తీసిన కోటల, కట్టడాల ఫోటోల అడుగున నంబరు, ఊరి పేరు కనిపిస్తాయి. వెలుతురు ఎటునుంచి పడిందో మాత్రం ఉండదు. నక్షాలు గీసిన చెయ్యి ఆ ఒక్కటీ గీసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అయితే ఆ రోజుల్లో దీపం ఎక్కడుందో రాసుకోవలసిన అవసరం పెద్దగా లేదు. దీపం సూర్యుడే. పగటి స్టూడియోకు ఉత్తరం వైపు గాజు కప్పు వేసేవారు. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ దక్షిణం వైపు నుంచే వాలుతుంది కాబట్టి ఉత్తరాన వెలుతురు నిలకడగా ఉంటుంది. తెరలు జరిపితే నీడలు మెత్తబడేవి. తొలినాటి ప్లేటుకు నీలమే తెలిసేది, ఎరుపు తెలియదు. అందుకే కుంకుమ బొట్టు కాటుక బొట్టయ్యేది, ఆకు వక్కతో పండిన పెదవి నల్లబడేది.

బల్బులు వచ్చాకే చిక్కొచ్చింది. దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే ముఖం మీద వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. సగం అంటే సరిపెట్టుకోవచ్చు, నాలుగో వంతు! నిన్నటి ఫోటో లాంటిదే రేపూ కావాలంటే అడుగుల లెక్క ఉండాల్సిందే.

పుంగనూరులో ఒక పాత స్టూడియో పెద్దాయన దగ్గర అలాంటి పద్దు చూశాను. పొడుగాటి కిరాణా పుస్తకం. నెగటివ్ నంబరు, పేరు, సైజు, అడ్వాన్సు... చివరి గడిలో బొమ్మలు. సున్నా చుడితే తల, సున్నాకు ముక్కు పెడితే మనిషి అటు చూస్తున్నట్టు, ఇంటూ గుర్తు పెడితే దీపం, పక్కన అడుగులు.

"ఇదేంది సార్?" అన్నాను, ఒక గడిలో 'పాగా - దించు' అని ఉంటే.

"తలపాగా నీడ కండ్ల మీద పడుతుంది నాయనా. దీపం కిందికి దించల్ల. కండ్లద్దాలైతే పైకెత్తల్ల, లేకుంటే అద్దంలో బల్బే కనపడుతుంది, మనిషి కనపడడు."

కొన్ని బొమ్మల్లో ఇంటూ పక్కకు, పైకి ఉంది. అలా పెడితే నీడవైపు చెంప మీద కంటి కింద చిన్న వెలుగు త్రికోణం పడుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో ప్రపంచమంతా పిలిచే పద్ధతి అది. పెద్దాయన పుస్తకంలో దాని పేరు 'మూడు మూలలు'. నాకీ పేరే బాగుంది.

ఇంటికొచ్చి మా పాపను కిటికీ పక్కన, అవ్వ కూర్చున్న వాలులోనే కూర్చోబెట్టి ఫోటో తీశాను. పెద్దది చేసి చూస్తే కంటిపాపలో చదరం వచ్చింది. కానీ మా కిటికీకి ఇనుప చువ్వలు. గీతలు అయిదు పడ్డాయి.