ఆవిరయ్యే కవచం, అదుపు తప్పే గాలి

కదిలే వస్తువును అంటిపెట్టుకుని సాగే పలుచని గాలి పొరకు 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ సిద్ధాంతరూపం ఇచ్చాడు. ఈ సరిహద్దు పొర వరుసలు చెదరకుండా సాగినంతసేపు ఉపరితలానికి తగిలే వేడి తక్కువ. సుడులు మొదలైతే అది కొన్ని రెట్లు పెరుగుతుంది. అంతరిక్షపు అంచు నుంచి దూసుకొచ్చే క్షిపణి ముక్కుకు ఈ తేడా ప్రాణాంతకం.

1951లో అమెరికాలో హెచ్. జూలియన్ అలెన్ ముక్కు మొద్దుగా ఉంటేనే మేలని తేల్చాడు. ముందు ఏర్పడే ఆఘాత తరంగం వేడిలో అధికభాగాన్ని గాలికే వదిలేస్తుంది. మిగిలినదాన్ని పీల్చుకోవడానికి తొలుత మందపాటి రాగి దిమ్మెలు వాడారు. వాటి బరువు మోయడమే కష్టమైంది. తాను అరిగిపోతూ లోపలి సరుకును కాపాడే కవచం అప్పుడు రంగంలోకి వచ్చింది. 1957 ఆగస్టులో జూపిటర్-సి రాకెట్ మోసుకెళ్లిన అలాంటి ముక్కు సముద్రంలో చెక్కుచెదరకుండా దొరికింది. నవంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాన్ని టీవీలో దేశానికి చూపించాడు.

ఇలాంటి కవచాల్లో వాడే కర్బనం సుమారు 3,600 డిగ్రీల సెల్సియస్ పైన, ద్రవం కాకుండానే ఆవిరవుతుంది. ఈ ఉత్పతనం వేడిని మింగుతుంది. పుట్టిన ఆవిరి వేడిగాలిని కవచపు గోడ నుంచి వెనక్కి నెడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నెట్టుడుకు పొరలోని వేగాల అమరిక మారి, చిన్న అలజడులు పెరగడానికి దారి దొరుకుతుంది. పైగా అరిగిన ఉపరితలం గరుకు తేలుతుంది.

గోడ చల్లగా ఉంటే ప్రవాహం కుదురుగా ఉంటుందని 1946లో లెస్టర్ లీస్, సి. సి. లిన్‌ల సిద్ధాంతం సూచించింది. 1960లలో లెస్లీ మాక్ కంప్యూటర్ గణనలు ఆ ధీమాను సడలించాయి. ధ్వనికి సుమారు నాలుగు రెట్లు దాటిన వేగాల్లో, పొర లోపలే చిక్కుకుని అటూ ఇటూ ప్రతిఫలించే ధ్వనితరంగాల వంటి రెండో రకం అలజడి బలపడుతుంది. చల్లని గోడ దాన్ని అణచకపోగా పెంచుతుంది. ఉత్పతనం గోడను గాలికంటే బాగా చల్లగా ఉంచుతుంది కాబట్టి, కవచం చేసే మేలులోనే కీడు కూడా ఉందన్నమాట.

పవన సొరంగాల్లో అంత వేడి పుట్టించడం కష్టం కనుక, తక్కువ వేడికే ఇలా ఆవిరయ్యే కర్పూరం, నాఫ్తలీన్‌లతో నమూనాలు పోతపోశారు. కొన్నిటిపై వల అల్లినట్టు అడ్డదిడ్డపు గాళ్లు పడ్డాయి. భూమికి తిరిగొచ్చిన క్షిపణి ముక్కుల మీదా అలాంటివే కనిపించాయి.

1995 డిసెంబరు 7న గెలీలియో శోధకం సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో గురుగ్రహంలోకి దిగింది. దాని కర్బన ఫినాలిక్ కవచం మొనవద్ద అంచనాకంటే తక్కువగా, పక్కల ఎక్కువగా అరిగింది. అదే దశాబ్దంలో కాల్‌టెక్ టి5 సొరంగంలో మరో సంగతి బయటపడింది: కార్బన్ డయాక్సైడ్ ప్రవాహంలో సుడులు ఆలస్యంగా మొదలయ్యాయి. ఆ అణువుల కంపనాలు రెండో రకం తరంగాల శక్తిని పీల్చుకోవడమే అందుకు కారణమని వివరించారు.