లెక్కకు రాని మనుషులు: ఇంధన భవిష్యత్తు నమూనాల చరిత్ర

ఒక పల్లె కథలో పాలేరు ఎక్కడా కనిపించకపోతే దాన్ని రచయిత మరుపుగా మనం సరిపెట్టుకోం. అది దృక్పథానికి సంబంధించిన లోపం అంటాం. రచనలో ఉన్నదాన్నే గాక లేనిదాన్ని కూడా పట్టించుకోవాలని ప్రగతిశీల విమర్శ మనకు నేర్పింది. అయితే ఆ అలవాటును మనం కథకూ కవితకూ పరిమితం చేసుకున్నాం. ప్రజల జీవితాలను శాసించే మరో రకం రచన ఉంది. దాన్ని రాసేవారు ఆర్థికవేత్తలు, ఇంజనీర్లు. దాని భాష గణితం. ముప్ఫై, యాభై ఏళ్ల తర్వాత దేశానికి ఎంత కరెంటు కావాలో, అది బొగ్గు నుంచి రావాలో ఎండ నుంచి రావాలో నిర్ణయించే ఈ రచనలను నమూనాలు అంటున్నారు.

భూగోళం వేడెక్కుతున్నది. బొగ్గు, చమురు, సహజవాయువుల వాడకం తగ్గించి, బొగ్గుపులుసు వాయువును తక్కువగా వెలువరించే ఇంధనాలకు మారక తప్పదు. ఆ విషయంలో శాస్త్రజ్ఞులకు సందేహం లేదు, మనకూ ఉండనక్కరలేదు. ఆ మార్పు ఎవరి నేల మీదుగా జరుగుతుంది, ఎవరి పొయ్యిని లెక్కలోకి తీసుకుంటుంది అన్నదే తేలవలసిన సంగతి. అది తేల్చుకోవాలంటే ఈ నమూనాల చరిత్రలోకి ఒకసారి తొంగి చూడాలి.

1

ఇంధన భవిష్యత్తును లెక్కగట్టే ప్రయత్నం పెట్టుబడిదారీ వ్యవస్థతో పాటే పుట్టింది. 1865లో ఇంగ్లండులో స్టాన్లీ జెవన్స్ బొగ్గు సమస్య మీద ఒక పుస్తకం రాశాడు. బ్రిటన్ బొగ్గు వాడకం ఏటా మూడున్నర శాతం చొప్పున పెరుగుతున్నదనీ, ఆ లెక్కన ఎక్కువ కాలం సాగలేదనీ, దేశం ఆధిక్యం నిలవదనీ ఆయన ఆందోళన. ఆ ఉత్పత్తి 1913లో సుమారు 29 కోట్ల టన్నుల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగజారింది. జెవన్స్ భయపడినట్టు అది అంతులేకుండా పెరగనూ లేదు, అందువల్ల సామ్రాజ్యం నిలబడనూ లేదు. ఆయన నుంచి తర్వాతి తరాలు తీసుకున్నది మాత్రం ఒక అలవాటు: నిన్నటి పెరుగుదల గీతను స్కేలు పెట్టి రేపటిలోకి పొడిగించడం.

కంప్యూటర్లు వచ్చాక ఈ పని విస్తృతమయింది. 1972లో క్లబ్ ఆఫ్ రోమ్ కోసం అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం 'పెరుగుదలకు పరిమితులు' అనే గ్రంథాన్ని వెలువరించింది. జనాభా, పరిశ్రమలు, ఆహారం, ఖనిజాలు, కాలుష్యం కలిపి ఒక ప్రపంచ నమూనా కట్టి, ఇదే తీరు సాగితే ఇరవై ఒకటో శతాబ్దంలో కుప్పకూలుతామని హెచ్చరించింది. భూమికి హద్దులున్నాయని గుర్తుచేసిన మేలు ఆ గ్రంథానిది. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ నమూనాలో ప్రపంచం ఒక్కటే ముద్ద. న్యూయార్కు కారు యజమానికీ, ఆఫ్రికాలో కట్టెలు మోసే స్త్రీకీ కలిపి ఒకే సగటు. ఆ సగటు మనిషి ఏ దేశంలోనూ పుట్టలేదు.

దీనికి జవాబు లాటిన్ అమెరికా నుంచి వచ్చింది. అర్జెంటీనాలో బరిలోచే సంస్థ తరఫున అమిల్కార్ హెరేరా నాయకత్వాన పనిచేసిన బృందం 1976లో మరో ప్రపంచ నమూనాను ప్రకటించింది. రేపు విపత్తు వస్తుందని సంపన్న దేశాల నమూనాలు అంటున్నాయి. మానవజాతిలో పెద్ద భాగానికి ఆ విపత్తు ఈనాటి నిత్యజీవితమే అన్నది వారి వాదన. అందుచేత వారు ప్రశ్ననే తిరగరాశారు. ఇలాగే పోతే ఏమవుతుంది అని అడగలేదు. అందరికీ తిండి, ఇల్లు, చదువు, వైద్యం అందాలంటే సమాజం ఎలా ఉండాలి అని అడిగారు. సమీకరణాలలో గరిష్ఠం చేయవలసిన రాశిగా జాతీయోత్పత్తిని పెట్టలేదు, మనిషి ఆయుర్దాయాన్ని పెట్టారు. కంప్యూటరు అదే, గణితం అదే. ప్రశ్న మారగానే కథ మారిపోయింది. అదే ఏడు అర్జెంటీనాలో సైనిక నియంతృత్వం వచ్చింది. హెరేరా తర్వాతి కృషి బ్రెజిల్‌లో సాగింది.

2

1973లో చమురు ధరలు పెరిగాక పాలకుల దృష్టి అంతా ఇంధనం మీద పడింది. వియన్నా పక్కన లాక్సెన్‌బర్గ్‌లో, ఒకనాటి హాప్స్‌బర్గ్ రాజభవనంలో, 1972లో ఏర్పడిన ఒక అంతర్జాతీయ సంస్థ ప్రపంచ ఇంధన భవిష్యత్తును లెక్కగట్టే పనికి పూనుకుంది. అక్కడ అమెరికన్, సోవియట్ శాస్త్రజ్ఞులు ఒకే కప్పు కింద పనిచేశారు. నాయకుడు వుల్ఫ్ హేఫెలె, పశ్చిమ జర్మనీలో ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్ల పథకాన్ని నడిపినవాడు. 1981లో వారి మహాగ్రంథం వెలువడింది. టెరావాట్ అంటే పది లక్షల మెగావాట్లు. 1975లో 8.2 టెరావాట్లుగా ఉన్న ప్రపంచ ఇంధన వాడకం 2030 నాటికి తక్కువలో తక్కువ 22, ఎక్కువైతే 36 టెరావాట్లకు చేరుతుందన్నారు. ఆ అవసరం తీరాలంటే అణువిద్యుత్తూ, బొగ్గూ భారీగా పెరగాలన్నారు. కంప్యూటరు చెప్పిన మాట గనక ప్రభుత్వాలు భక్తిగా విన్నాయి.

ఆ సంస్థలోనే కొంతకాలం పనిచేసిన బిల్ కీపిన్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆ నమూనాను విప్పి చూశాడు. ఆయన విశ్లేషణ 1984లో అచ్చయింది. యంత్రంలోకి ఏ అంచనాలు వేశారో దాదాపు అవే ఫలితాలుగా బయటికి వచ్చాయి. ఎంత ఇంధనం కావాలో, అణువిద్యుత్తు ఎంతలో వస్తుందో ముందే మనుషులు నిర్ణయించి లోపల పెట్టారు. ఖర్చుల అంచనాను కొద్దిగా కదిపితే చాలు, భవిష్యత్తు తలకిందులవుతుంది. అంత పెద్ద యంత్రాంగం అవసరం లేకుండా చేతిలెక్కతోనే ఆ అంకెలు రాబట్టవచ్చునని ఆయన చూపాడు.

ఇక్కడ మనం ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలి. ఆ రాజభవనంలో రెండు శిబిరాలవారూ కూర్చున్నారు. భారీ కేంద్రాలే ప్రగతి అన్న విషయంలో వారికి పెద్ద విభేదం లేకపోయింది. మన సాహిత్యంలో కూడా ఒకప్పుడు ఫ్యాక్టరీ పొగగొట్టం అభ్యుదయానికి గుర్తుగా నిలిచింది. ఆ పొగ ఎవరి పొలం మీద పడుతున్నదో మనం అడిగింది ఆలస్యంగానే.

3

అదే కాలంలో మన పొరుగునే మరో పద్ధతి రూపుదిద్దుకుంటున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి విద్యుత్ రసాయన శాస్త్రంలో పేరు మోసిన ఆచార్యుడు. ప్రయోగశాల విజ్ఞానం పల్లె దాకా ఎందుకు పోవడం లేదన్న బాధతో 1974లో ఆయన, సహచరులు కలిసి 'అస్త్ర' అనే గ్రామీణ సాంకేతిక కేంద్రాన్ని ప్రారంభించారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర అనే చిన్న ఊరిని ఎంచుకున్నారు. 1977లో అక్కడ 56 ఇళ్లు, 357 మంది జనం. ప్రపంచాన్ని ఏడు ముక్కలు చేసి లెక్కగట్టడానికి లాక్సెన్‌బర్గ్ కుస్తీ పడుతున్న రోజుల్లో, వీరు ఒక్క ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ శక్తిని దేనికి ఖర్చు పెడుతున్నారో రాసుకున్నారు.

తేలిందేమిటి? ఆ ఊరి ఇంధనంలో తొమ్మిదో వంతులు కాదు, పదింట తొమ్మిది వంతులు కట్టెలే. కరెంటు ఒక శాతం దగ్గర. దేశ ఇంధన ప్రణాళికలన్నీ ఆ ఒక్క శాతం చుట్టూ తిరుగుతున్నాయి. మరో సంగతి ఇంకా ముఖ్యం. మనిషి కండబలాన్ని కూడా వీరు ఇంధనంగా లెక్కించారు. కట్టెలు ఏరడం, నీళ్లు మోయడం, వండడం, పశువులను మేపడం అన్నీ గంటల్లో కొలిచారు. ఆ శ్రమలో స్త్రీల వాటా పురుషులకంటే ఎక్కువ. పిల్లల వాటా కూడా చిన్నది కాదు. బడికి ఎందుకు రాలేదో చెప్పే అంకె ఇంధన పట్టికలో దొరికింది. ఏ జాతీయ లెక్కలోనూ లేని పాత్రలు మొదటిసారి కథలోకి వచ్చాయి.

పుర కథ అక్కడితో ముగియలేదు. పేడతో గోబర్ గ్యాస్ తయారుచేసి ఊరందరి పొయ్యిలకూ ఇద్దామన్న తొలి ప్రయత్నం విఫలమయింది. అందరికీ వంటకు సరిపడా పేడ లేదు. 1987లో పద్ధతి మార్చారు. ఆ గ్యాసుతో ఇంజను నడిపి కరెంటు తీసి, బోరు నుంచి తాగునీరు ఇళ్లకు అందించారు, దీపాలు వెలిగించారు. నిర్వహణ ఊరివాళ్లదే. పేడ ఇచ్చినవారికి డబ్బూ, వాడిన పేడ ఎరువుగా తిరిగీ ముట్టేవి. దాదాపు పదేళ్లు నడిచి అది కూడా ఆగిపోయింది. దాన్ని ఆదర్శగాథగా అలంకరించనక్కరలేదు. నిపుణుడు తన లెక్క తప్పని ఊరి ముందు ఒప్పుకుని దిద్దుకున్న ఘట్టంగా గుర్తుంచుకోవాలి.

పల్లెలో నేర్చుకున్నదాన్ని రెడ్డి రాష్ట్రస్థాయికి తీసుకుపోయారు. కర్ణాటక విద్యుత్ అవసరాలకు 1987లో ఒక అధికార సంఘం భారీ ప్రాజెక్టుల ప్రణాళిక వేసింది. రెడ్డి బృందం ప్రత్యామ్నాయం తయారుచేసి 1991లో ప్రకటించింది. మనిషికి కావలసింది యూనిట్లు కాదు, వెలుతురు, నీళ్లు, వేడి అన్నది దాని మూలసూత్రం. ప్రతి ఇంటికీ దీపం అందులో తప్పనిసరి షరతు. మెరుగైన పంపుసెట్లు, తక్కువ కరెంటు తాగే దీపాలు, ఎండతో నీళ్లు కాచే పరికరాలు పెడితే అధికార ప్రణాళిక చెప్పిన విద్యుత్తులో సగం కూడా అక్కరలేదని తేలింది. అంతకుముందు 1985లోనే రెడ్డి, బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు గోల్డెంబర్గ్, స్వీడన్, అమెరికాల సహచరులు జొహాన్సన్, విలియమ్స్ కలిసి, తలసరి ఒక కిలోవాట్ శక్తితో కనీసావసరాలే గాక 1970ల నాటి పశ్చిమ ఐరోపా జీవనస్థాయి కూడా సాధ్యమని లెక్కగట్టి చూపారు. దారిద్ర్యం పోవాలంటే భూమి మండిపోక తప్పదన్న వాదానికి అది గట్టి జవాబు.

4

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. ఉత్తరాంధ్రలో సోంపేట దగ్గర బీల ప్రాంతం ఉంది. నీళ్లు నిలిచే ఆ పల్లపు నేల మీద రైతులు, మత్స్యకారులు బతుకుతున్నారు. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టబోతే జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. దేశానికి కరెంటు కావాలి గదా అన్నది ఆనాడు అందరూ చెప్పిన సమాధానం. ఎంత కావాలి? 2011లో వెలువడిన జాతీయ విద్యుత్ సర్వే 2021–22లో గరిష్ఠ అవసరం 2,83,000 మెగావాట్లు దాటుతుందని అంచనా వేసింది. తీరా ఆ సంవత్సరం వచ్చేసరికి అవసరం 2,03,000 మెగావాట్ల దగ్గర ఆగింది. తేడా ఎనభై వేల మెగావాట్లు. జెవన్స్ కాలపు స్కేలు ఇంకా చేతిలోనే ఉంది. దాని కొస బీల దగ్గర తగిలింది.

ఇప్పుడు బొగ్గు స్థానంలో ఎండ వచ్చింది. రావలసిందే. 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నా చేస్తామని భారత ప్రభుత్వం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు ఆరు వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017 నాటికే పనిచేయడం మొదలుపెట్టింది. పొగ లేదు, బూడిద లేదు. మంచిదే. అయితే ఇలాంటి పార్కు ఎక్కడ వెలిసినా పట్టా ఉన్నవాడికి పరిహారం లెక్క ఉంటుంది. ఆ చేలల్లో కూలికి పోయిన మనిషికీ, ఆ బీళ్లలో గొర్రెలు మేపిన కాపరికీ పట్టికలో గడి ఏది? 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న సింగరేణిలో రేపు గని మూతపడితే, టన్నులు తగ్గిన లెక్క నమూనాలో చక్కగా కనిపిస్తుంది. కాంట్రాక్టు కార్మికుడి ఇంటి లెక్క ఎక్కడ కనిపిస్తుంది?

ప్రపంచస్థాయిలోనూ ఇదే తంతు. 2022 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదిక కోసం పన్నెండు వందల పైచిలుకు భవిష్యచిత్రాలను పరిశీలించారు. వాటిలో ప్రధానమైనవాటిని మన దేశ పరిశోధకులు విడదీసి చూస్తే, 2050లో కూడా ఆఫ్రికా, దక్షిణాసియా ప్రజల తలసరి ఇంధన వాడకం సంపన్న దేశాలకు చాలా దిగువనే ఉంది. భూమిని కాపాడే కథలోనూ పేదవాడు పేదవాడుగానే మిగిలాడు. ఆ మాట ఎవరూ వాక్యంగా రాయలేదు. సమీకరణంలో అది నిశ్శబ్దంగా ఉంది.

నమూనాలు వద్దని దీని అర్థం కాదు. లెక్క లేకుండా ఇంత పెద్ద మార్పు సాధ్యం కాదు. బరిలోచే లెక్క వేసింది, పుర కూడా లెక్క వేసింది. ఎవరి ఆకలి నుంచి లెక్క మొదలుపెట్టారన్నదే తేడా. ఈ అంకెలు నిపుణుల వ్యవహారమని సాహిత్యకారులు తప్పుకుంటే, లేని పాత్రను గూర్చి అడిగే విద్య తెలిసినవాళ్లే మౌనం వహించినట్టవుతుంది. రేపటి ఇంధనం మీద వచ్చే నివేదికను కూడా ఒక నవలలా చదువుదాం. అందులో కట్టెలమోపు తలకెత్తుకున్న మనిషి ఏ పుటలో ఉందో వెతుకుదాం. ఏ పుటలోనూ దొరకకపోతే ఆ రచన అసంపూర్ణమని చెప్పే అధికారం మనకుంది, బాధ్యత కూడా.