వాహన పైకప్పు పడక

వాహన పైకప్పు పడక అనగా కారు, జీపు వంటి వాహనం పైభాగాన బిగించిన క్యారియర్ మీద బల్ల పరచి, దానిపై గుడారం గాని టార్పాలిన్ గాని కప్పి, రాత్రి నిద్రించుటకు వీలుగా చేసుకొనే తాత్కాలిక ఏర్పాటు. ఇదే అవసరానికి కర్మాగారాలలో తయారయ్యే మడత గుడారాలను రూఫ్ టాప్ టెంట్ అంటారు. వాటి ధర, బరువు రెండూ ఎక్కువ కావడంతో పలువురు యాత్రికులు అందుబాటులోని సామగ్రితో సొంతంగా పడక నిర్మించుకుంటారు. గుడ్డ, పరుపు, నిచ్చెన ఎంత చవకవైనా ఇబ్బంది లేదు. క్యారియర్, దానిని వాహనానికి పట్టి ఉంచే బిగింపుల వద్ద చేసే పొదుపు మాత్రం ప్రమాదకరం.

ఉద్దేశం

నేల తేమ, పాములు, తేళ్లు, వాననీరు మొదలైన వాటికి దూరంగా ఎత్తున పడుకోవడం దీని ప్రయోజనం. తెలుగునాట పొలం కాపలాకు వేసే మంచె వెనుక ఉన్నదీ ఇటువంటి ఆలోచనే. అయితే మంచె కదలదు. ఈ పడక మరునాడు వాహనంతో పాటు ప్రయాణించాలి. కష్టమంతా అక్కడే ఉంది.

చరిత్ర

1950ల చివరి నాటికే ఇటలీలో కారు పైకప్పు గుడారాలు అమ్మకానికి వచ్చాయి. ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో దూరప్రయాణాలు చేసే ల్యాండ్ రోవర్ వంటి వాహనాల వలన ఇవి ప్రసిద్ధి పొందాయి.

పూర్వపు తూర్పు జర్మనీ చరిత్ర ఆసక్తికరమైనది. అక్కడ కొత్త కారు కొరకు పదేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చేది. బాల్టిక్ తీరంలోని శిబిర స్థలాలలో గుడారం వేయుటకు ముందుగా అనుమతి పొందవలసి ఉండేది. ఈ పరిస్థితులలో సాక్సనీ ప్రాంతంలోని లింబాఖ్-ఓబర్‌ఫ్రోనా పట్టణానికి చెందిన గెర్హార్డ్ ముల్లర్, 1970ల ద్వితీయార్ధంలో ట్రబాంట్ కారు పైన అమరే మడత గుడారాన్ని రూపొందించాడు. ట్రబాంట్ 601 కారు 26 అశ్వశక్తి గల రెండు సిలిండర్ల చిన్న వాహనం. దాని బాహ్య పలకలు డ్యూరోప్లాస్ట్ అనే పదార్థంతో చేసినవి. అంత చిన్న కారు మీద ఇద్దరు పడుకోగలగడం చూసేవారికి నేటికీ వింతగానే ఉంటుంది.

భారం

వాహనం నడుస్తున్నపుడు పైకప్పు మోయగల బరువును తయారీదారు వాహనంతో ఇచ్చే పుస్తకంలో పేర్కొంటాడు. అనేక కార్లకు ఇది 50 నుండి 100 కిలోల మధ్య ఉంటుంది. క్యారియర్ బరువు కూడా ఇందులోనే కలుస్తుందన్న సంగతిని చాలామంది మరచిపోతారు. 12 మిల్లీమీటర్ల మందం గల 8×4 అడుగుల ప్లైవుడ్ పలక ఒక్కటే 20 కిలోలకు పైబడి తూగుతుంది. దానికి క్యారియర్, పరుపు, గుడారం, నిచ్చెన చేర్చితే చిన్న కారు పరిమితి దాదాపు నిండిపోతుంది.

వాహనం నిలిచి ఉన్నపుడు లెక్క వేరు. చెరి 65 కిలోల ఇద్దరు మనుషులు, 30 కిలోల సామగ్రి కలిపి 160 కిలోలు అవుతాయి. ఈ బరువు నాలుగు బిగింపుల మీద సమానంగా పడితే ఒక్కొక్కదానికి 40 కిలోలు మాత్రమే. నిలకడ స్థితిలో పైకప్పు చట్రం నడక పరిమితికన్నా ఎక్కువే మోయగలదు. కాని మనిషి ఒక అంచు పట్టుకొని ఎక్కేటపుడు బరువు ఒకటి రెండు బిగింపుల పైనే పడుతుంది. చవక క్యారియర్లు సాధారణంగా ఊడేది ఈ క్షణంలోనే. కాబట్టి క్యారియర్ తయారీదారు నిలకడ భారాన్ని వేరుగా తెలిపినాడా లేదా అన్నది కొనేముందే చూడవలసిన విషయం.

ప్రయాణంలో మరి రెండు బలాలు పనిచేస్తాయి. గట్టిగా బ్రేకు వేసినపుడు 50 కిలోల సామాను సుమారు 35 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. గాలి తోపుడు వేగ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అనగా గంటకు 40 కిలోమీటర్ల నుండి 80కి చేరితే నాలుగు రెట్లవుతుంది. అందువలన పడకను మడిచి ఎత్తు తగ్గించి, ముందు వెనుకలకు కూడా పట్టీలతో కట్టాలి. తాడు ఒక్కటే చాలదు.

నిర్మాణం

అంబాసిడర్ వంటి పాత కార్లకు పైకప్పు అంచున వాననీటి కాలువ ఉంటుంది. దానికి కొక్కేలతో పట్టే క్యారియర్ దృఢంగా నిలుస్తుంది. నేటి కార్లలో చాలావాటికి ఆ కాలువ కనిపించదు కనుక ఆ నమూనాకు తగిన క్యారియర్ వాడాలి.

బల్లను మరమేకులతో గాక, ఆరపార బోల్టులు, వెడల్పాటి వాషర్లు, వదులుకాని నట్లతో క్యారియర్ కమ్మీలకు బిగిస్తారు. చిన్న కారు పైకప్పు మనిషి నిలువుకన్న పొట్టిది కనుక బల్లను రెండు ముక్కలుగా చేసి మడతబందులతో కలిపి, వెనుకకు చాచిన భాగానికి నేల మీద కాళ్లు పెట్టడం వాడుక. ఇక్కడొక చిక్కు ఉంది. మనుషులు ఎక్కగానే కారు స్ప్రింగుల మీద కొంత దిగుతుంది, కాళ్లు దిగవు. అప్పుడు చాచిన భాగం పైకి తన్నుకొని మడతబందుల పైన భారం పడుతుంది. ఎత్తు సర్దుకొనే కాళ్లు ఉంటే మంచిది. మెత్తని నేలలో వాటి కింద పలక ముక్క వేయాలి. ప్లైవుడ్‌కు బదులు గట్టి ఇనుప చట్రానికి నవారు అల్లితే బరువు తగ్గి, కింది నుండి గాలి ఆడుతుంది. కాని చలికాలంలో వెన్ను చల్లబడుతుంది.

పైకప్పుగా ప్లాస్టిక్ టార్పాలిన్ ఒక్కటే కప్పితే ఊపిరిలోని తేమ లోపల నీటి బొట్లుగా కారుతుంది. లోపల నూలు గుడ్డ, పైన జానెడు ఎడంతో టార్పాలిన్, పక్కలకు దోమతెర ఉంచితే ఈ బాధ తగ్గుతుంది.

రాత్రి జాగ్రత్తలు

వాహనాన్ని చదును నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. ఎండుకొమ్మల కిందను, కొబ్బరిచెట్ల కిందను నిలపరాదు. మూసిన గుడారంలో కుంపటి గాని స్టవ్ గాని వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరి నిద్రలోనే మరణం సంభవించవచ్చు. దానికి వాసన ఉండదు. ఉరుములు మొదలైతే పైనుండి దిగి కారులో కూర్చొని అద్దాలు మూసుకోవాలి. లోహపు కారు లోపలి మనుషులకు రక్షణ ఇస్తుంది, పైనున్న గుడారం ఇవ్వదు. బల్ల అంచున చేయి ఆనేంత ఎత్తు కమ్మీ కట్టడం నిద్రలో దొర్లేవారికి, ముఖ్యంగా పిల్లలకు, అవసరం.

చట్టం

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 123వ విభాగం ప్రకారం వాహనం పైకప్పు మీద ప్రయాణించడం నిషిద్ధం. కావున నడిచే వాహనంపై ఈ పడకను వాడరాదు. 52వ విభాగం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. పైకప్పును కోయడం, చట్రానికి వెల్డింగ్ చేయడం వంటి పనులకు పూనుకొనేముందు రవాణా కార్యాలయంలో విచారించాలి. విప్పి తీయగలిగే క్యారియర్‌కే పడకను పరిమితం చేసుకొనేవారు ఇటువంటి కోతలు, వెల్డింగులు లేకుండానే పని జరుపుకుంటారు.